జేబులో జాబిల్లి

'వెలుతురు ఎంత దూరం పడుద్దండీ?'

చల్లపల్లిలోనే కాదు, ఏ ఊరి కొట్లోనైనా టార్చిలైటు కొనేవారు అడిగే మొదటి ప్రశ్న ఇది. కొట్టతను చిరునవ్వుతో లైటు తీసుకుని గుమ్మంలోకొచ్చి, దూరంగా ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వులోకి కొట్టి చూపిస్తాడు. 'అబ్బో!' అనుకుని డబ్బులిచ్చి తెచ్చుకుంటాం. కానీ రాత్రిపూట పొలం గట్టుమీద నడిచేవాళ్లకి తెలియాల్సింది కొబ్బరి మొవ్వులో ఏముందో కాదు... తరవాతి అడుగు పడేచోట ఏముందో!

కొత్తరకం జేబులైట్లను చూస్తే ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలనిపిస్తుంది. అరచేతిలో ఇమిడిపోతాయి. పెన్నులా జేబుకు తగిలించుకోవచ్చు. సెల్‌ఫోన్ ఛార్జరుతోనే ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. మీట నొక్కితే కళ్లు జిగేల్మనే కాంతి. పెట్టెమీద వెయ్యి ల్యూమెన్లనీ, రెండొందల మీటర్లనీ పెద్దపెద్ద అంకెలు. ధర రెండుమూడొందల నుంచి రెండుమూడువేల దాకా. మరి ఇవి మన కాలవగట్లకీ, కరెంటు పోయే వానరాత్రులకీ పనికొస్తాయా? మంచి ఎంత, చెడు ఎంత? ఈ వారం ఆ లెక్క చూద్దాం.

మేకుకు వేలాడిన లైటు

ఒకప్పుడు ఊళ్లో టార్చిలైటు అంటే ఓ హోదా. గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూ తళతళా మెరిసే స్టీలులైటు. రెండు బ్యాటరీలదైతే మామూలు ఇల్లు, మూడు బ్యాటరీలదైతే కాస్త కలిగినిల్లు. రాత్రి సినిమాకెళ్లేవారూ, పురిటికి మంత్రసానిని పిలవడానికెళ్లేవారూ ఆ ఇంటి తలుపే తట్టేవారు. వెలుతురు ఎర్రబారితే బ్యాటరీలు తీసి ఎండలో పెట్టడం, సాయంత్రానికి మళ్లీ వేసి చూసుకోవడం చాలా ఇళ్లలో తెలిసిన తంతే!

ఈ లైటు పుట్టి శతాబ్దం దాటిపోయింది. డేవిడ్ మిసెల్ అనే ఆయనకు గొట్టంలాంటి చేతిలైటు మీద అమెరికాలో పేటెంటు దక్కింది 1899లో. అప్పటి బ్యాటరీలు ఎంత బలహీనమంటే, లైటు కాసేపు వెలిగించి ఆపి, మళ్లీ వెలిగించాల్సి వచ్చేది. అలా మెరుపులా మెరిసి ఆరిపోయేది కాబట్టే అమెరికావాళ్లు దాన్ని 'ఫ్లాష్‌లైట్' అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

పాత లైటులో బల్బు తీగ ఎర్రగా కాగి వెలుగిచ్చేది. బ్యాటరీలోని శక్తిలో ఎక్కువభాగం వేడికే పోయేది. రెండు బ్యాటరీల లైటు ఇరవై పాతిక ల్యూమెన్ల కాంతి ఇస్తే గొప్ప. ఈ ల్యూమెన్ అంటే లైటులోంచి బయటికొచ్చే మొత్తం వెలుతురుకి కొలత. ఎల్ఈడీ వచ్చాక ఈ కథంతా మారింది. 1990ల్లో ప్రకాశవంతమైన నీలం ఎల్ఈడీ తయారైంది. దానిమీద పసుపురంగు పూత పూస్తే తెల్లటి వెలుతురు సాధ్యమైంది. ఆ నీలం ఎల్ఈడీని కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. లైటు లోపలుండే లిథియం అయాన్ బ్యాటరీకి బాటలు వేసినవారికి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అంటే ఈ బుల్లిలైటు జేబులో వేసుకున్నవారు రెండు నోబెళ్లను వెంటేసుకుని తిరుగుతున్నట్టే!

మంచి మాటేమిటంటే...

మొదటిది, అసలైన లాభం... ఇది వెంట ఉంటుంది. పాత స్టీలులైటు ఎంత గొప్పదైనా, అవసరం వచ్చినప్పుడు ఇంట్లో మేకుకే ఉండేది. 'అయ్యో, లైటు తెచ్చుకోలేదే' అనుకుంటూ చీకట్లో నడిచి వచ్చేసేవారు. చీకటి చెప్పి రాదు. బస్సు ఆలస్యమవుతుంది, కరెంటు పోతుంది, బండి ఆగిపోతుంది. జేబులో తాళాలతో పాటు ఉండే లైటు అప్పుడు అక్కరకొస్తుంది.

రెండోది, ఎంత కావాలో అంతే వెలుతురు. మంచి జేబులైటుకి మూడు నాలుగు స్థాయిలుంటాయి. కొన్నింటిలో అన్నిటికన్నా కిందిది ఒకట్రెండు ల్యూమెన్లే. అర్ధరాత్రి మంచినీళ్లకి లేచినప్పుడో, పసిబిడ్డను చూసుకోవాల్సి వచ్చినప్పుడో అదే చాలు. ఇంట్లో మిగతావారి నిద్ర చెడదు. ఆ స్థాయిలో వాడితే ఒక్క ఛార్జింగుతో రోజుల తరబడి వెలిగేవీ ఉన్నాయి.

మూడోది, బ్యాటరీల ఖర్చూ, కారుడూ లేవు. పాత లైటును నాలుగు నెలలు పక్కనపెడితే బ్యాటరీలు చెమ్మగిల్లి, తెల్లటి పొడి కక్కి, లోపలి స్ప్రింగును తినేసేవి. ఇందులో ఆ బాధ లేదు. ఫోను ఛార్జరుగానీ పవర్‌బ్యాంకుగానీ ఉంటే చాలు.

నాలుగోది, నీళ్లకు తట్టుకునే గుణం. పెట్టెమీద 'ఐపీఎక్స్' అన్న అక్షరాల పక్కన అంకె చూడండి. 4 అంటే చినుకులకి ఫర్వాలేదు. 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి చుక్క పోకూడదు. 8 అంటే అంతకన్నా గట్టిది. బోదెల్లో దిగేవారికీ, చేపలు, రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా ఉండేవారికీ ఈ అంకె చాలా ముఖ్యం. చెరువు నీళ్లలో ప్రాణవాయువు తగ్గేది తెల్లవారుజామునే. ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయేమో చూసుకోవాల్సింది అప్పుడే.

'ఫోన్లో లైటుందిగా!'

నిజమే. 2003లో వచ్చిన నోకియా 1100 నెత్తిన చిన్న లైటుతో పల్లెపల్లెనీ గెలుచుకుంది. ఇప్పుడు లైటులేని ఫోనే లేదు. మరి వేరే లైటెందుకు?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగాయి. కరెంటు లేని మేడల మీద జనం రోజుల తరబడి చిక్కుకుపోయారు. అలాంటి వేళ ఫోన్లోని ప్రతి శాతం ఛార్జింగూ ఒక ప్రాణాధారమే. పడవను పిలవాలన్నా, అయినవాళ్లకు క్షేమమని చెప్పాలన్నా అదే దిక్కు. దాన్ని మెట్లమీద వెలుతురుకి ఖర్చుచేస్తే అసలు పనికి మిగలదు. 1977 నవంబరు 19 ఉప్పెనను కథలు కథలుగా విన్న దివిసీమకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 2013లో హెలెన్, 2023లో మిగ్‌జాం... తుపాను పేరేదైనా ముందు పోయేది కరెంటే. పైగా ఫోను లైటు దగ్గర చూపుకే పనికొస్తుంది. తడిచేత్తో, వానలో పట్టుకుని నడవడానికి ఫోను అనువైన వస్తువూ కాదు. జారి బోదెలో పడిందా, లైటుతో పాటు ఫోనూ పోయినట్టే!

చెడు మాటా వినాలి

ఇక రెండోవైపు. పెట్టెమీద వెయ్యి ల్యూమెన్లని రాసుంటే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఎంతసేపు? వేలెడంత లైటు వెయ్యి ల్యూమెన్లిస్తే ఒళ్లు కాలిపోయేంత వేడెక్కుతుంది. ఆ వేడి పోవడానికి చోటేదీ? అందుకే కొద్ది నిమిషాల్లోనే లోపలున్న సర్క్యూటు వెలుతురును తనంతట తానే తగ్గించేస్తుంది. చేతిలైట్ల కోసం అమెరికాలో 2009లో 'ఎఫ్ఎల్ 1' అన్న ప్రమాణం వచ్చింది. చాలా కంపెనీలు అదే పాటిస్తాయి. దాని ప్రకారం 'ఇన్ని గంటలు వెలుగుతుంది' అంటే, మొదట్లో ఉన్న వెలుతురు పదోవంతుకి పడిపోయేదాకా అని అర్థం. వెయ్యి కాస్తా వందయ్యేదాకా లెక్కేనన్నమాట!

దూరం లెక్క మరీ తమాషా. 'రెండొందల మీటర్లు' అంటే అంత దూరంలో ఉన్న మనిషి ముఖం కనిపిస్తుందనుకునేరు. అదే ప్రమాణం ప్రకారం, అక్కడ పడే వెలుతురు నిండుపున్నమి వెన్నెలతో సమానమని మాత్రమే అర్థం. వెన్నెల్లో దారి తెలుస్తుందిగానీ, దారిలో పడున్నది తాడో పామో తెలుస్తుందా? దూరం సగమైతే వెలుతురు నాలుగు రెట్లవుతుంది. కాబట్టి పెట్టెమీద అంకెలో నాలుగోవంతే మీకు పనికొచ్చే దూరమనుకుంటే మోసపోరు.

బ్యాటరీ అంకెలూ అంతే. ఈ లైట్లలో ఎక్కువగా వాడేది '18650' రకం. పేరులోనే కొలత ఉంది... 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. పేరున్న కంపెనీల మంచి బ్యాటరీలే సుమారు 3,500 ఎంఏహెచ్ దగ్గర ఆగుతాయి. ఎక్కడైనా అదే సైజు బ్యాటరీమీద '9,900' అని కనిపిస్తే ఆ అంకె నమ్మకండి. ఆ లైటునూ నమ్మకండి.

మరో ఇబ్బంది... చెప్పకుండా ఆరిపోవడం. పాత లైటు ఆరేముందు ఎర్రబారి, మిణుకుమిణుకుమంటూ 'ఇక నా వల్ల కాదు' అని గంట ముందే చెప్పేది. కొత్తవాటిలో చాలామటుకు చివరిదాకా ఒకే తీరుగా వెలిగి, టక్కున తగ్గిపోతాయి. నడిపొలంలో ఉన్నప్పుడు అలా జరిగితే? ఛార్జింగు ఎంతుందో చూపే చిన్న దీపం ఉన్నదాన్నే కొనాలనేది అందుకే.

జేబులో ఉండటం లాభమన్నాం. ఒక్కోసారి అదే నష్టం. మీట అనుకోకుండా నొక్కుకుపోయి లైటు పూర్తిస్థాయిలో వెలిగితే జేబు గుడ్డ కాలొచ్చు, తొడ చురుక్కుమనొచ్చు. మంచి లైట్లకి మీట పనిచేయకుండా తాళం వేసే ఏర్పాటుంటుంది. లేనివాటిలో చాలావాటికి వెనక మూత పావు చుట్టు వదులుచేస్తే సరిపోతుంది.

చిన్నది కావడమూ చిక్కే. నల్లటి లైటు గడ్డిలో పడితే పగలైనా దొరకదు. తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోవడం నయం. అన్నట్టు, మూడు బ్యాటరీల లైటుతో ఊరకుక్కల్ని అదిలించిన పెద్దలకి ఈ బుల్లిలైటు ఆ విషయంలో ఆశాభంగమే!

బ్యాటరీ లోపలే బిగించేసిన లైట్లయితే, కొన్నేళ్లకి అది నీరసించగానే మొత్తం లైటే మూలపడుతుంది. ఊడదీసే వీలున్నదైతే బ్యాటరీ ఒక్కటే మార్చుకోవచ్చు. కానీ జాగ్రత్త. '14500' అనే లిథియం బ్యాటరీ అచ్చం పెన్సిల్ బ్యాటరీలాగే ఉంటుంది. పెన్సిల్ బ్యాటరీది ఒకటిన్నర ఓల్టు, దీనిది మూడున్నర పైమాటే. గోడ గడియారంలోనో పిల్లల బొమ్మలోనో వేస్తే అంతే సంగతులు. వాడేసిన లిథియం బ్యాటరీని చెత్తకుండీలోనో పొయ్యిలోనో వేయకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించాల్సిన బాధ్యత తయారీదారులదే.

పాదం ముందు వెలుతురు

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. 2018 ఆగస్టులో దివిసీమ పేరు దేశమంతా మోగింది. అవనిగడ్డ చుట్టుపక్కల కొద్దిరోజుల్లోనే వందమందికి పైగా పాముకాటుకు గురయ్యారు. పొలం పనులకెళ్లడానికి జనం జంకారు. ఆ నెలాఖరులో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి సన్నిధిలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. నమ్మకం నమ్మకమే. దానితోపాటు చేతిలో దీపమూ ఉండాలి కదా!

ఇది ఒక్క దివిసీమ గొడవ కాదు. 2000 నుంచి 2019 వరకు మనదేశంలో దాదాపు 12 లక్షలమంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన ఓ పెద్ద అధ్యయనం అంచనా వేసింది. సగటున ఏడాదికి 58 వేలమంది. అందులో సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరులోపే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసున్న ఆంధ్రప్రదేశూ ఉంది. జూన్, సెప్టెంబరు మధ్య అంటే మనకేమిటి? కాలవలకి నీళ్లొదిలే రోజులు, సార్వా నాట్లు పడే రోజులు. బొరియల్లోకి నీళ్లొచ్చి ఎలుకలు గట్టెక్కుతాయి, ఎలుకల వెనకే పాములు గట్టెక్కుతాయి, వంతు నీళ్ల కోసం రైతూ గట్టెక్కుతాడు. ముగ్గురికీ నడిచేదారి ఒకటే!

నాగుపాము అలికిడి వింటే చాలావరకు తప్పుకుంటుంది. రక్తపింజరి అలా కాదు. గోధుమరంగు ఒంటిమీద గొలుసు మచ్చలతో ఎండుగడ్డిలో, కోసిన పనల కింద కదలకుండా పడుంటుంది. కాలు పడితే కాటేస్తుంది. దాన్ని చూడాలంటే వంద మీటర్ల దూరం చీల్చే సన్నటి వెలుతురు పనికిరాదు. అది ఒక చిన్న గుండ్రటి మచ్చను మెరిపించి, చుట్టూ ఉన్నదాన్ని మరింత చీకటి చేస్తుంది. కావాల్సింది రెండు మూడు గజాల మేర, గట్టు రెండు అంచులూ కనిపించేలా పరుచుకునే వెలుతురు.

రంగు కూడా ముఖ్యమే. చవకరకం ఎల్ఈడీల కాంతి నీలంగా, పాలిపోయినట్టుంటుంది. ఆ వెలుతురులో గడ్డి, మట్టి, గోధుమరంగు పాము... అన్నీ బూడిదరంగు ముద్దలా కనిపిస్తాయి. కాస్త పసుపు కలిసిన తెలుపైతే రంగులు విడివిడిగా తెలుస్తాయి. పరీక్ష చాలా సులువు. కొట్లోనే మీ అరచేతిమీద వేసి చూడండి. చెయ్యి రక్తం లేనట్టు కనిపిస్తే ఆ లైటు వద్దు. మామూలుగా, గులాబీరంగుతో కనిపిస్తే మంచిది.

మరి ఎన్ని ల్యూమెన్లు కావాలి? పాదం ముందు చూసుకుని నడవడానికి వంద చాలు. మూడువేల ఎంఏహెచ్ బ్యాటరీ వంద ల్యూమెన్ల దగ్గర సుమారు పదిగంటలు వెలుగుతుంది. వెయ్యి దగ్గరైతే గంట కూడా నిలవదు. పైగా వెలుతురు నాలుగు రెట్లు పెంచితేగానీ మన కంటికి రెట్టింపైనట్టు అనిపించదు. మరీ ఎక్కువ వెలుతురు చూశాక లైటు ఆపేస్తే కళ్లు మళ్లీ చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఎదురొచ్చే సైకిలతని కళ్లల్లోకి కొడితే అతని పరిస్థితీ అదే. అతన్ని బోదెలోకి పంపినవారమవుతాం.

లైటు ఉందికదా అని కర్రను మరిచిపోకూడదు. పాములు గాలిలో వచ్చే శబ్దం కన్నా నేల అదురును బాగా పసిగడతాయి. కర్రతో నేలను తడుతూ, కాళ్లకు బూట్లో చెప్పులో వేసుకుని నడవాలి. కట్లపాము మరో రకం. రాత్రిళ్లు ఇంట్లోకొచ్చి నేలమీద పడుకున్నవారిని కాటేస్తుంది. నొప్పీ వాపూ పెద్దగా ఉండవు కాబట్టి కాటు పడ్డట్టే తెలియకపోవచ్చు. మంచం, దోమతెర, తలగడ పక్కన లైటు... ఈ మూడూ ఉంటే సగం భయం తీరినట్టే. అయినా కాటు పడితే? తాడుతో బిగించి కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలోచెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. విషానికి విరుగుడు ఇంజక్షన్ ఉండేది అక్కడే. అందుకే ఫోన్లో ఛార్జింగు మిగలాలన్నది!

ఎవరికి ఏది?

పట్నంలో అపార్ట్‌మెంటు మెట్లకీ, కరెంటు పోయినప్పుడు వంటింటికీ వందా రెండొందల ల్యూమెన్ల చిన్నలైటు చాలు. పొలం వెళ్లేవారికి వెలుతురు పరుచుకునేదీ, ఐపీఎక్స్ 7 ఉన్నదీ, బ్యాటరీ ఊడదీసుకునే వీలున్నదీ మేలు. దూరానికి కొట్టే లైటు కావాల్సింది విశాలమైన చెరువుల మీద అవతలి గట్టు చూసుకునేవారికే. రెండు చేతులతో పనిచేసేవారికి మాత్రం జేబులైటు కన్నా తలకు పట్టీతో కట్టుకునే లైటే హాయి. చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి తెల్లారకముందే చీపుర్లు పట్టి వీధులు ఊడుస్తున్న 'స్వచ్ఛ చల్లపల్లి' కార్యకర్తల్లాంటి వారికి చెయ్యి ఖాళీగా ఉండదు కదా!

కొనేముందు కొట్లో అడగాల్సినవి ఐదు. నడవడానికి సరిపడే స్థాయిలో ఎన్ని గంటలు వెలుగుతుంది? ఛార్జింగు ఎంతుందో చూపుతుందా? బ్యాటరీ మార్చుకోవచ్చా? నీళ్లలో పడితే? మీటకి తాళం ఉందా? ఆ తరవాత లైటును కొబ్బరిచెట్టు మీదికి కాకుండా మీ కాళ్లముందు నేలమీద వేసి చూడండి. నేల స్పష్టంగా, వెడల్పుగా కనిపిస్తే అదే మంచి లైటు.

ఇప్పటికే ఇంట్లో ఒకటుంటే ఈ రాత్రే ఓసారి ఛార్జింగ్ పెట్టి, గుమ్మం దగ్గర అందరికీ తెలిసినచోట ఉంచండి. ఇంట్లో పొలం వెళ్లే పెద్దాయన 'ఇన్నేళ్లూ లైటు లేకుండా తిరగలేదుటోయ్' అంటారు. అననివ్వండి. ఆయన చొక్కాజేబులో మీరే పెట్టండి!